హీరోని వదిలేసి వెనకాల చూడండి

ఏఎస్ రావు నగర్ నుంచి ఈ వారం ఎపిసోడ్‌తో వచ్చేశాను. బస్సులోనో మెట్రోలోనో ఇయర్‌ఫోన్స్ లేకుండా ఉన్నవాళ్లు చదువుకోవడానికి ప్రతి ఎపిసోడ్ మాటలూ ఇక్కడ పెడుతున్నాం కదా, ఇదీ అంతే. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, రిపీట్ అయిన ముక్కలు మాత్రం తీసేశాం.

ఇవాళ్టి టాపిక్ పాత సినిమాలు. అయితే ఇది రివ్యూ కాదు. కథ బాగుందా, పాటలు బాగున్నాయా అని చెప్పడానికి బోలెడు ఛానెళ్లు ఉన్నాయి. నేను మీకో పని చెప్తాను. 1973లో వచ్చిన 'అందాల రాముడు' పెట్టండి. బాపు గారి డైరెక్షన్, ముళ్లపూడి వెంకటరమణ గారి రాత, అక్కినేని నాగేశ్వరరావు గారు హీరో. గోదావరి మీద తీసిన సీన్ రాగానే సౌండ్ తగ్గించండి. హీరోని వదిలేసి వెనకాల చూడండి. ఒడ్డు ఎంత దూరంలో ఉంది? ఇసుక ఎంత మేర కనిపిస్తోంది? పడవలు ఎలా ఉన్నాయి? రేవులో జనం ఏం కట్టుకున్నారు, సామాను ఎలా మోస్తున్నారు? కొండ మీద చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయి?

ఇలా ఓ పావుగంట చూశారనుకోండి, మీరు సినిమా చూడ్డం మానేసి ఓ ఊరి రికార్డు చదవడం మొదలుపెడతారు. బాపు గారు ఆ రికార్డు తీద్దామని వెళ్లలేదు. గోదావరి మీద లాంచీలో భద్రాచలం వెళ్లే జనం కథ తీద్దామని వెళ్లారు. ఆ లాంచీలో అన్ని రకాల మనుషులూ ఉంటారు, ఓ చిన్న సమాజమంతా అందులోనే ఉంటుంది. వెనకాల ఉన్న నది మాత్రం ఎవరూ అడక్కుండానే ఫిల్ములోకి వచ్చి కూర్చుంది.

మళ్లీ 2006లో శేఖర్ కమ్ముల గారు 'గోదావరి' తీశారు. అందులోనూ రాముడూ సీతా అనే పేర్లే, భద్రాచలం ప్రయాణమే, పడవే. అంటే 33 ఏళ్ల తేడాతో ఒకే దారిని రెండు కెమెరాలు చూశాయి. సాఫ్ట్‌వేర్‌లో మేం 'వెర్షన్ వన్, వెర్షన్ టూ' అని పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తాం. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ నదికి అలాంటిదే దొరుకుతుంది.

వెర్షన్ త్రీ మాత్రం రాదు. ఎందుకో చెప్తాను.

రాజమండ్రికి ఎగువన పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా ప్రాజెక్టు కట్టారు. దాని పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఇప్పుడు పాపికొండలు చూడాలంటే ప్రాజెక్టుకి ఎగువన గండి పోచమ్మ గుడి వైపు నుంచో, భద్రాచలం వైపు పోచవరం నుంచో బోటు ఎక్కాలి. రాజమండ్రి రేవులో ఎక్కి, నది మీదే సాగి భద్రాచలం దగ్గర దిగే ఆ పాత ప్రయాణం ఇక లేదు. దేవీపట్నం మండలంలో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. గండి పోచమ్మ గుడి వరదొచ్చినప్పుడల్లా నీళ్లలో ఉంటోంది. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది ఇవాళ్టి చర్చ కాదు, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి. నేను చెప్పేది ఒక్కటే. 1973లో మామూలు లొకేషన్‌గా ఉన్నది ఇవాళ సాక్ష్యం అయిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1964, 'మూగమనసులు'. ఆదుర్తి సుబ్బారావు గారి సినిమా. నాగేశ్వరరావు గారు పడవ నడిపే గోపి, సావిత్రి గారు ఆ పడవలో ఏరు దాటి కాలేజీకి వెళ్లే అమ్మాయి. మన జనరేషన్‌కి ఆ పడవ చూడగానే 'అబ్బా, ఎంత రొమాంటిక్' అనిపిస్తుంది. ఒక్కసారి తారీఖులు చూడండి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య పాత హేవలాక్ వంతెన ఉంది, 1900 నాటిది, కానీ అది రైలు వంతెన. రోడ్డు ఉన్న వంతెన, అదే రోడ్డు కం రైలు వంతెన, 1974లో గానీ రాలేదు. అంటే ఆ సినిమా తీసేనాటికి అక్కడ ఏరు దాటాలంటే రైలు, లేకపోతే పడవ. మనకి ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కి సిటీ బస్సు ఎలాగో, వాళ్లకి పడవ అలాగ. మనం రొమాన్స్ అనుకున్నది వాళ్ల డైలీ ట్రాన్స్‌పోర్ట్.

ఇది నాకు పుస్తకంలో దొరికింది కాదు, మా అమ్మమ్మ చెప్పింది. అమ్మమ్మ వాళ్లది కొవ్వూరు. ఓసారి టీవీలో ఈ పాత సినిమాలు పెడితే, "ఆ అబ్బాయి సంగతి తర్వాత, కొంచెం వెనక్కి తిప్పరా" అంది. నేను పాటేమో అనుకున్నా. ఆవిడ చూసింది ఒడ్డున కట్టేసిన పడవని. దాని పొడవు చూసి ఎన్ని బస్తాలు పడతాయో చెప్పింది. ఏ గాలికి తెరచాప ఎత్తేవాళ్లో, గాలి లేనప్పుడు ఒడ్డు వెంట తాడు కట్టి మనుషులు ఎలా లాగేవాళ్లో చెప్పింది. వాళ్ల పిన్ని పెళ్లికి సారె మొత్తం పడవ మీద వెళ్లిందట, కావిళ్లు ఒక పడవలో, మేళం ఇంకో పడవలో. నేను ఫోన్ తీసి ఆ పక్కన పెట్టా. నలభై నిమిషాలు మాట్లాడింది. నా దగ్గరున్న అన్ని ఫైళ్లలో పోతే మళ్లీ తెచ్చుకోలేనిది అదొక్కటే.

ఇక్కడో విషయం గమనించండి. సినిమాలో బొమ్మ ఉంది, కానీ దాని అర్థం అమ్మమ్మ దగ్గర ఉంది. రెండూ కలిస్తేనే రికార్డు. బొమ్మ ఒక్కటే ఉంటే మనకి అది వాల్‌పేపర్.

ఇంకో ఉదాహరణ. కొవ్వూరు పక్కనే కుమారదేవం అని ఊరు. అక్కడ గోదావరి గట్టున ఓ పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. వయసు నూటయాభై ఏళ్ల దాకా ఉంటుందంటారు. దాన్ని అందరూ 'సినిమా చెట్టు' అనేవాళ్లు. దాని కింద షూటింగ్ జరిగిన సినిమాలు వందల్లో ఉన్నాయి. వంశీ గారి సినిమాలు చూసినవాళ్లు ఆ చెట్టుని పేరు తెలియకుండానే గుర్తుపడతారు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. కూలిన రోజున అందరి స్టేటస్‌లలో దాని ఫోటోలే. తర్వాత దాన్ని మళ్లీ చిగురింపజేయాలని ప్రయత్నాలూ జరిగాయి. నేను ఆలోచించింది ఏంటంటే, ఆ చెట్టు కింద హీరోహీరోయిన్లు నిలబడ్డ ఫ్రేములు వందలున్నాయి. దాని కింద రోజూ కూర్చున్న ఊరివాళ్లవి ఎన్ని ఉన్నాయి? నీడకి కట్టేసిన పశువులవి? అక్కడాగి బీడీ ముట్టించుకున్న పడవవాళ్లవి?

అందుకే సినిమాని గుడ్డిగా నమ్మమని నేను చెప్పట్లేదు. సినిమా అబద్ధం కూడా చెప్తుంది. ఇంట్లో జరిగే సీన్లు చాలావరకు మద్రాసు స్టూడియోల్లో వేసిన సెట్లు. పండగ గుంపులో సగం మంది జూనియర్ ఆర్టిస్టులు ఉంటారు. పూజలో ఏది ముందు ఏది వెనక అన్నది కెమెరా సౌకర్యాన్ని బట్టి మారిపోతుంది. వీటన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటి ఉంది, శబ్దం. ఆ రోజుల్లో అవుట్‌డోర్‌లో తీసినవాటికి మాటలు చాలావరకు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పేవాళ్లు. కాబట్టి మీరు తెర మీద చూసేది నిజం గోదావరే, వినేది మాత్రం స్టూడియోలో కలిపిన నీళ్ల చప్పుడు. పడవవాళ్ల కేకలు, రేవులో బేరాలు, లాంచీ ఇంజను మోత, అవి ఆ రీళ్లలో లేవు.

మరి శబ్దం ఎక్కడుంది? రేడియోలో ఉండేది. భద్రాచలం సీతారామ కల్యాణాన్ని ఆకాశవాణిలో ఉషశ్రీ గారు ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్తుంటే ఊళ్లకి ఊళ్లు రేడియో చుట్టూ కూర్చునేవి. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లని ఉషశ్రీ పేరు అడిగి చూడండి, మొహం ఎలా వెలిగిపోతుందో. జిలకర బెల్లం ఎప్పుడు పెడుతున్నారో, మంగళసూత్రం ఎప్పుడు కడుతున్నారో ఆయన మాటల్లోనే జనం చూశారు.

అంటే మనవాళ్లకి ఒక చోట శబ్దం లేని బొమ్మ దొరికింది, ఇంకో చోట బొమ్మ లేని శబ్దం దొరికింది. రెండూ కలిపి తీయగలిగే మిషన్ ఇప్పుడు మన జేబులో ఉంది. మనం దాంతో ఏం చేస్తున్నాం? జాతరలో పదిహేను సెకన్లు తీసి, అసలు శబ్దం తీసేసి, దాని మీద ట్రెండింగ్ పాట పెడుతున్నాం. డప్పు ఏ దరువులో మోగిందో పోయింది. యాభై ఏళ్ల తర్వాత మన మనవడు ఆ రీల్ చూస్తే, ఆ సంవత్సరం ఏ పాట హిట్టో తెలుస్తుంది, ఆ ఊళ్లో ఆ రోజు ఏం వినిపించిందో తెలియదు.

రీల్స్ చేయొద్దని కాదు. నేనూ చేస్తా, నా తిండి దాని మీదే. ఒరిజినల్ ఫైల్ ఉంచుకుని, కాపీ మీద రీల్ చేయమంటున్నా. బీటెక్‌లో మొదటి సంవత్సరం నుంచీ మనకి చెప్పేది అదే కదా, ఒరిజినల్ మీద ఎడిటింగ్ చేయొద్దని.

ఇంకోటి, కెమెరాలన్నీ ఒకే చోట పోగవుతాయి. శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా ప్రాంగణంలో ఎన్ని కెమెరాలుంటాయో లెక్కలేదు. అందరూ తీసేది తలంబ్రాలు పోసే ఆ కాసిన్ని నిమిషాలే. కానీ ఆ తలంబ్రాల్లో గోటి తలంబ్రాలు ఉంటాయి. గోదావరి జిల్లాల్లో కోరుకొండ లాంటి చోట్ల భక్తులు వడ్లు పండించి, రోట్లో దంచకుండా, మిల్లులో ఆడించకుండా, ఒక్కో గింజా గోటితో ఒలుస్తారు. గింజ విరక్కూడదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు వసారాల్లో కూర్చుని రోజుల తరబడి చేసే పని అది. మనకి కల్యాణం అంటే టీవీలో కనిపించే ముహూర్తం. వాళ్లకి కల్యాణం ఆ వసారాలోనే ఎప్పుడో మొదలైపోయింది.

విజయనగరం సిరిమాను ఉత్సవం కూడా అంతే. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి ఆ పొడవాటి మాను కొసన కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఊరేగుతారు. ఆ దృశ్యానికి డ్రోన్ షాట్లు బోలెడు. కానీ అంత పెద్ద చింతచెట్టు ఎక్కడుందో వెతకడం, దాన్ని తేవడం, వడ్రంగులు దాన్ని సిరిమానుగా చెక్కడం, ఆ పనివాళ్ల చేతులకి ఎన్ని కెమెరాలున్నాయి? పండగ కొస మాత్రమే తీసి మొదలు వదిలేస్తే, ఎప్పుడైనా ఆ పని తెలిసినవాళ్లు లేకుండా పోయినప్పుడు మన దగ్గర చూసి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర ఈ చూపు ఉన్న దర్శకులు లేకపోలేదు. బి. నరసింగరావు గారు 'మా ఊరు' అని డాక్యుమెంటరీ తీశారు, తెలంగాణ పల్లె బతుకు మీద. ఆయన దారి వేరు, వెనకాల ఉండే ఊరినే హీరోగా తెచ్చి ముందు నిలబెట్టారు.

ఇప్పుడు భయపెట్టే మాట ఒకటి. తీసినంత మాత్రాన ఉండదు. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932లో వచ్చింది. దాని ప్రింటు మనకి మిగల్లేదు. తెలుగువాళ్ల గొంతు తెర మీద మొదటిసారి వినిపించిన సినిమా, మనం చూడలేం. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే చాలా రీళ్లు పాడైపోయాయి, కాలిపోయాయి, కొన్నిటిని వెండి కోసం కరిగించారు. వాటిని పోగొట్టినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఆడేసిన సినిమా ఎవరికి కావాలిలే అనుకున్నారు. మనం 'స్టోరేజ్ ఫుల్' అని రాగానే పాత వీడియోలు డిలీట్ చేస్తున్నప్పుడు సరిగ్గా అదే అనుకుంటున్నాం.

ఇంత సేపూ ఎందుకు చెప్పానంటే, మన ముందు ఓ తారీఖు ఉంది. 2027. గోదావరి పుష్కరాలు. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు, పన్నెండేళ్లకోసారి. మా అమ్మమ్మ తన వయసు కూడా పుష్కరాలతోనే లెక్కపెడుతుంది. ఆవిడ పెద్దయ్యాక చూసినవి 1979, 1991, 2003, 2015. వీటికి మా ఇంట్లో మిగిలిన రికార్డు చెప్తాను వినండి. 1979కి ఏమీ లేదు. 1991కి ఒక్క ఫోటో, అందులో సగం మంది కళ్లు మూసుకున్నారు. 2003కి ఎవరో చుట్టాల హ్యాండీక్యామ్ క్యాసెట్, దాన్ని ప్లే చేసే మిషన్ ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. 2015కి వాట్సాప్‌లో తిరిగి తిరిగి మసకబారిన ఇరవై సెకన్ల క్లిప్. టెక్నాలజీ పెరిగింది, రికార్డు పెరగలేదు.

మనిషి జన్మలో పుష్కరాలు ఆరో ఏడో వస్తాయి. నాకిది మూడోది. పుష్కరాలంటే ఘాట్లన్నీ కొత్తగా కడతారు, మెట్లు మారతాయి, పాత రేవుల రూపు మారుతుంది. కాబట్టి తీయాల్సింది పుష్కరాలప్పుడే కాదు, వాటికి ముందు కూడా. రాజమండ్రి దాకా అక్కర్లేదు, మన తెలంగాణలోనే బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం ఉన్నాయి.

ఎలా తీయాలి? నేను పాటించే పద్ధతి చెప్తాను.

ఒకటి, ఫోన్ అడ్డంగా పట్టుకుని, ఎక్కడో ఆనించి, కదపకుండా రెండు నిమిషాలు. జూమ్ వద్దు, తిప్పొద్దు. మీకు బోర్ కొడుతుంది, పర్లేదు, రికార్డు అంటేనే అది. 4కే కూడా అక్కర్లేదు, 1080పీ చాలు.

రెండు, చివర్లో మీ గొంతుతో తారీఖు, ఊరు, రేవు పేరు, ఏం జరుగుతోందో చెప్పండి. కోడ్‌లో కామెంట్ రాయకపోతే ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే అర్థం కాదు. ఇదీ అంతే.

మూడు, చేతులు తీయండి. అరటి దొప్పలో దీపం పెట్టే చేతులు, పిండాలు చేసే చేతులు, పడవ తాడు ముడివేసే చేతులు. పని ఎలా చేస్తారో చేతుల్లోనే ఉంటుంది. వాళ్లని అడగండి, "మీకిది ఎవరు నేర్పారు?" అని. ఆ ఒక్క ప్రశ్న చాలు, తర్వాత వాళ్లే చెప్తారు.

నాలుగు, అడిగి తీయండి. స్నానం చేస్తున్న ఆడవాళ్ల వైపు కెమెరా వద్దే వద్దు. తండ్రికి పిండం పెడుతున్న మనిషి ఏడుస్తుంటే అది మీ కంటెంట్ కాదు. కొన్ని చోట్ల ఎవరూ తీయకూడదు, అదీ సంప్రదాయమే. మేడారంలో సమ్మక్కని తేవడానికి కోయ పూజారులు చిలుకలగుట్ట మీదికి వెళ్తారు, ఆ తంతు వాళ్లది మాత్రమే. అక్కడ జూమ్ లెన్స్ తీయడం వీరత్వం కాదు. తీయకుండా ఉంచాల్సినవి ఏవో తెలుసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఐదు, దారికి అడ్డంగా నిలబడొద్దు. 2015 పుష్కరాల మొదటి రోజు పొద్దున రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. మెట్ల మీద, గేట్ల దగ్గర ఒక్కడు ఆగితే వెనకాల వందమంది ఆగుతారు. ముందురోజే వెళ్లి, పక్కన ఓ చోటు చూసుకోండి. లేదంటే రద్దీ లేని రోజు వెళ్లండి.

ఆరు, దాచడం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్ పేరులో తారీఖు, ఊరు పెట్టండి. ఒక కాపీ ఫోన్‌లో కాకుండా హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి క్లౌడ్‌లో, వీలైతే మూడోది ఇంకో ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర. ఎవరిని తీశారో వాళ్లకీ ఓ కాపీ ఇవ్వండి. అది మర్యాద, బ్యాకప్ కూడా.

గోదావరి దాకా వెళ్లలేమంటారా? మా ఏఎస్ రావు నగర్‌నే తీసుకోండి. ఈసీఐఎల్ ఉద్యోగుల కాలనీ ఇది. 1967లో మొదలైన ఆ సంస్థ వ్యవస్థాపకులు అయ్యగారి సాంబశివరావు గారి పేరే కాలనీ పేరు. 'ఈసీ టీవీ' తయారైంది ఆ సంస్థలోనే. అంటే భద్రాచలం కల్యాణాన్ని ఎంతోమంది తొలిసారి బొమ్మగా చూసిన పెట్టెల్లో కొన్ని మన పక్కవీధి తాతగార్ల చేతుల మీదుగా వెళ్లాయి. వాళ్లలో ఎవరినైనా కూర్చోబెట్టి అడిగారా?

ఇక్కణ్నుంచి బండి మీద పదిహేను నిమిషాలు వెళ్తే మౌలాలి గుట్ట. కుతుబ్‌షాహీల కాలం నుంచీ రజబ్ నెలలో అక్కడ వేడుక జరుగుతోంది. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. ఆవిడ కవయిత్రి, 1824లో చనిపోయారు. మన ఏరియా వాళ్లు ఎంతమంది లోపలికి వెళ్లి చూశారో చేతులెత్తండి. రోజూ ఆ గుట్ట పక్కనుంచే ఆఫీసుకి వెళ్లొస్తాం. ఆషాఢంలో కాలనీల్లో బోనాలొస్తాయి, మనం పోతురాజు స్టెప్పు తీస్తాం. బోనం కుండకి పసుపు రాసి, వేపాకు కట్టి, దీపం పెట్టే గంట సేపూ వంటింట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఫోన్ అక్కడ ఆనించండి ఈసారి.

ఇక ఈ వారం హోంవర్క్. మీ ఊరు కనిపించే పాత సినిమా ఏదైనా ఒకటి పట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని పెట్టండి. రిమోట్ వాళ్ల చేతికివ్వండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి. ఫోన్ పక్కన పెట్టి రికార్డు నొక్కండి. వాళ్లు చెప్పింది ఏ సినిమా, ఏ ఊరు, ఎవరు చెప్పారు అని మూడు ముక్కలు రాసి మాకు పంపండి. బాగున్నవి వాళ్ల అనుమతితో వచ్చే నెల ఎపిసోడ్‌లో వినిపిద్దాం, పాట ఏదీ కలపకుండా.

ఉంటాను. వచ్చే వారం కలుద్దాం.